ఫ్యాన్ డైరెక్ట్ చేయటం రిపేరు కాదు, రోగాన్ని కప్పెట్టటం



ఈసారి పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే. పొలం పనుల్లో ఉన్నవాళ్ళు రాత్రికి అన్నాలు తిన్నాక తీరిగ్గా చదువుకోండి. ఇంట్లో పాత కారు ఉన్నవాళ్ళు మాత్రం మధ్యలో వదిలిపెట్టొద్దు.

మన ఊళ్ళల్లో ఇప్పుడు ఇంటింటికీ కాకపోయినా వీధికి రెండు పాత కార్లున్నాయి. మారుతి 800 తయారీ 2014 లోనే ఆగిపోయింది. అయినా మన దగ్గర ఇంకా తిరుగుతానే ఉంది. ఓమ్ని వ్యాన్లు, ఇండికాలు సరేసరి. పట్నంలో వాళ్ళు వద్దనుకుని అమ్మేసిన బండ్లు మనకి లక్ష లోపు వస్తాయి. ఆ బండే మనకి పెళ్ళికి, ఆ బండే విత్తనాల కొట్టుకి, ఆ బండే అర్ధరాత్రి ఆసుపత్రికి. పట్నంలో కారు ఆగితే ఆటో ఎక్కుతారు. మనకి ఆగితే చుట్టూ చేలు, పైన చుక్కలు, అంతే. అందుకే ఇది రాయాల్సొచ్చింది.

ఈ పోస్టులో నా గొడవంతా ఒక్క మాట మీద. ఆ మాట "డైరెక్ట్".

బండి వేడెక్కుతుంది అని షెడ్డుకి తీసుకుపోతాం. బానెట్ ఎత్తుతారు. రేడియేటర్ ఫ్యాన్ తిరగటం లేదని చూస్తారు. రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. "స్విచ్ పోయింది, ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం". మనం కూడా తల ఊపుతాం. తాళం తిప్పగానే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. ఆ చప్పుడు వింటే మనకి ప్రాణం లేచొస్తుంది. మూడొందలో నాలుగొందలో చేతిలో పెట్టి ఇంటికొస్తాం. అదిగో, అక్కడే మోసపోయేది. మెకానిక్ మోసం చేశాడని కాదు, మనల్ని మనమే.

నా సంగతే చెప్తాను. ఇంకొకళ్ళని అనేముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి కదా.

రెండేళ్ళ కింద మే నెలలో గుంటూరు మిరప యార్డు దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నాం. బండి మరిగిపోయింది. నాది మూడు సిలిండర్ల పాత పెట్రోలు బండి, కార్బ్యురేటర్ ది. దగ్గర్లో ఒక కుర్ర మెకానిక్ చూశాడు. ఫ్యాన్ తిరగటం లేదు. రేడియేటర్లో నీళ్ళు బాగా తగ్గున్నాయి, నింపాడు. "బాబాయ్, స్విచ్ పోయినట్టుంది. కొత్తది ఇప్పుడు దొరకదు. డైరెక్ట్ చేసెయ్యనా?" అన్నాడు. "చేసెయ్యి అబ్బాయ్, ముందు ఇల్లు చేరాలి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. కాబట్టి సగం పాపం నాది.

ఇల్లు చేరాం. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఇక ఆ సంగతి మర్చిపోయాను. జూన్ నుంచి అక్టోబర్ దాకా వారానికోసారి రేడియేటర్లో అర లీటరు నీళ్ళు పోస్తానే ఉన్నాను. "పాత బండి, కాస్త తాగుద్దిలే" అనుకున్నాను. అర లీటరు నీళ్ళు ఎటు పోతున్నాయని ఒక్కసారి కూడా కింద వంగి చూడలేదు. బోరు మోటారు దగ్గర పైపులో చుక్క కారితే ఊరుకోని మనిషిని, బండి విషయంలో ఊరుకున్నాను.

నవంబర్ వచ్చింది. పత్తి తీతలు. మూడు వారాలు బండి జోలికి పోలేదు, నీళ్ళూ చూడలేదు. ఒకరోజు చీకటి పడే వేళ మా గట్టు పక్కాయన కొడుకుని చేలో రక్తపింజర కరిచింది. పిల్లాడికి ఇరవై ఏళ్ళు. వెనక సీట్లో వేసుకుని బయల్దేరాం. తొక్కగలిగినంత తొక్కాను. సగం దారిలో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. నాకు గుండె గుభేలుమంది. అంతలోనే ముల్లు దానంతట అదే కిందకి పడిపోయింది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుని ఇంకా తొక్కాను. ఫ్యాన్ చప్పుడు వినపడుతూనే ఉంది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక ఇంజన్ బరువెక్కింది, కిటకిటమంది, ఆగిపోయింది. చలికాలం, సాయంత్రం గాలి, ముందు ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం కాలిపోయింది.

108 కి ఫోన్ చేశాం. వాళ్ళు ఎదురొచ్చి ఎక్కించుకున్నారు. పిల్లాడికి విషం విరుగుడు ఇంజక్షన్లు పడ్డాయి, బతికాడు. కానీ ఆ రోడ్డు పక్కన వాడి చిగుళ్ళ నుంచి నెత్తురు చూస్తూ కూర్చున్న నలభై నిమిషాలు నేను చచ్చేదాకా మర్చిపోను.

తర్వాత అసలు సంగతి తేలింది. బండి హెడ్ దించిన పెద్దాయన చూపించాడు. వాటర్ పంపు సీలు పోయింది. మన షెడ్లలో దాన్ని వాటర్ బాడీ అంటారు. పంపుకి కింద ఒక చిన్న బెజ్జం ఉంటుంది. సీలు పోతే ఆ బెజ్జం గుండా చుక్కచుక్కగా కారుతుంది. ఇంజన్ వేడికి ఆ చుక్క కిందపడేలోపే సగం ఆవిరైపోతుంది, అందుకే నేల మీద మరక కూడా సరిగ్గా కనపడలేదు. మే నెలలో నీళ్ళు తగ్గింది దానివల్లే. నీళ్ళు తగ్గేసరికి పైన ఉన్న ఫ్యాన్ స్విచ్ కి నీళ్ళు అందలేదు. నీళ్ళలో మునిగి ఉంటేనే ఆ స్విచ్ కి వేడి తెలిసేది. అందుకే ఫ్యాన్ తిరగలేదు.

అంటే ఏంది? ఫ్యాన్ బాగుంది. స్విచ్ బాగుంది. ఆ స్విచ్ ని తర్వాత నేనే ఊడదీసి, టెస్ట్ ల్యాంప్ తీగలు కట్టి, గిన్నెలో నీళ్ళు కాచి పరీక్ష చేశాను. నీళ్ళు మరిగే దశకి వస్తుండగా ల్యాంప్ వెలిగింది. చల్లారుతుంటే ఆరింది. నిక్షేపంలాంటి స్విచ్! ఫ్యాన్ తిరగకపోవటం రోగం కాదు, నీళ్ళు పోతున్నాయని బండి మనకి చెప్పిన మాట. ఆ మాట వినకుండా నోట్లో గుడ్డ కుక్కాం. దాని పేరే డైరెక్ట్.

మరి ముల్లు ఎందుకు పడిపోయింది? మీటర్ సెన్సార్ కూడా నీళ్ళ వేడినే చూస్తుంది. నీళ్ళు మొత్తం పోయి సెన్సార్ గాలిలో తేలిపోతే ముల్లు కిందకొస్తుంది. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. పైకి లేచిన ముల్లు బండి నడుస్తుండగా ఉన్నట్టుండి పడిపోతే బండి చల్లబడిందని కాదు, నీళ్ళు అయిపోయాయని అనుకోవాలి. ఆ క్షణమే పక్కకి తీసి ఆపెయ్యాలి.

పంపు మే నెలలోనే మార్చి ఉంటే నాకు రెండు వేల లోపు అయ్యేది. హెడ్ వంకర పోయి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ వేసి, పంపు మార్చి, కూలీతో కలిపి 14,000 అయింది. డబ్బు పోతే పోయింది. పిల్లాడు పోయి ఉంటే?

ఇది ఒక్క కార్ల జబ్బు కాదు. మనకి అలవాటైన జబ్బు. బోరు మోటారు స్టార్టర్లో రిలే మాటిమాటికి పడిపోతుంటే ఏం చేస్తాం? ఎందుకు పడుతుందో చూడం. పుల్ల దోపుతాం. నాలుగు రోజులకి వైండింగ్ కాలిపోతుంది. ఫ్యూజు పోతుంటే లావు తీగ వేస్తాం. ఆకు పచ్చబడితే తెగులా, పురుగా, నీరెక్కువైందా చూడం, కొట్టాయన ఇచ్చిన మూడు మందులు కలిపి కొడతాం. అన్నిట్లోనూ ఒకటే పద్ధతి. హెచ్చరించేదాన్ని నొక్కెయ్యటం. రిలే మనకి శత్రువు కాదు, కాపలా కుక్క. మొరుగుతుందని కుక్కని చంపుకుంటే దొంగకి దారి ఇచ్చినట్టే.

ఇక అసలు విషయానికి వద్దాం. బండి వేడెక్కితే రోగం ఎక్కడుందో మనమే చాలావరకు పట్టుకోవచ్చు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎప్పుడు వేడెక్కుతుంది?

నిలబడి ఉన్నప్పుడు, ట్రాఫిక్ లో, మెల్లగా పోయేటప్పుడు మాత్రమే వేడెక్కి, రోడ్డెక్కి స్పీడు అందుకోగానే తగ్గిపోతే అనుమానం ముందు ఫ్యాన్ మీద. ఎందుకంటే స్పీడులో ఎదురు గాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది, అప్పుడు ఫ్యాన్ తో పెద్దగా పనిలేదు.

దీనికి తిరగబడి, ఊళ్ళో బాగుండి స్పీడులో, ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద వేడెక్కితే ఫ్యాన్ ని తిట్టొద్దు. అది నీళ్ళ ప్రవాహం సమస్య. రేడియేటర్ లోపల ఉప్పు పట్టి మూసుకుపోవటం, థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోకపోవటం, పంపు సరిగ్గా తోయకపోవటం, కింది గొట్టం మెత్తబడి ఇంజన్ పరుగులో లోపలికి అతుక్కుపోవటం, వీటిలో ఒకటి. ఇలాంటి బండికి ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే కాలు విరిగినోడికి కళ్ళజోడు పెట్టినట్టే.

రెండు చోట్లా వేడెక్కుతూ నీళ్ళు తగ్గిపోతుంటే ఎక్కడో కారుతుంది. బయట ఎక్కడా చుక్క లేకుండా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. సైలెన్సర్ నుంచి ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం, పొద్దున్నే చల్లటి బండి మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో ఆగకుండా బుడగలు, ఇవి దాని గుర్తులు. ఒక్క గుర్తు చూసి నిర్ధారణ చేయొద్దు. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి మూత కింద కాస్త నురగ మామూలుగానే రావచ్చు. రెండు మూడు గుర్తులు కలిస్తే మాత్రం బండి తీయకండి.

ఇప్పుడు ఫ్యాన్ తిరగటం లేదనుకుందాం. వరస తప్పకుండా చూడండి.

1. నీళ్ళు. బండి పూర్తిగా చల్లారాక, పొద్దున్నే, రేడియేటర్ మూత తీసి చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా చూసి సరిపెట్టుకోవద్దు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండే బండ్లు చాలా చూశాను. మూత రబ్బరు పోతే డబ్బాలో నీళ్ళు వెనక్కి లాక్కోదు.

2. ఫ్యూజు. ఫ్యాన్ కి విడిగా ఫ్యూజు ఉంటుంది. పోయి ఉంటే అంతే ఆంపియర్లది వెయ్యండి. మళ్ళీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా మోటారు బిగుసుకుపోతుంది. లావు తీగ మాత్రం వెయ్యొద్దు.

3. మోటారు. బ్యాటరీ తీగ ఒకటి తీసేసి ఫ్యాన్ ని చేత్తో తిప్పండి. సులువుగా తిరగాలి. గట్టిగా ఉంటే బుష్షులు పోయాయి. తర్వాత మోటారు ప్లగ్గు ఊడదీసి, రెండు తీగలతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. జోరుగా తిరిగితే మోటారు మంచిది. మూలుగుతూ మెల్లగా తిరిగితే కార్బన్ బ్రష్షులు అరిగాయి. తిరుగుతుంది కదా అని వదిలెయ్యొద్దు. తిరగటం వేరు, గాలి లాగటం వేరు.

4. స్విచ్ తీగలు. పాత కార్బ్యురేటర్ బండ్లలో థర్మో స్విచ్ ప్లగ్గు ఊడదీసి, తాళం ఆన్ లో పెట్టి, ఆ రెండు తీగలు కలపండి. ఒకే తీగ ఉంటే దాన్ని ఇంజన్ ఇనుముకి ఆనించండి. ఫ్యాన్ తిరిగితే తీగలు, రిలే, మోటారు అన్నీ బాగున్నట్టే. అప్పుడు అనుమానం స్విచ్ మీద, లేదా నీళ్ళ మీద. తిరగకపోతే రిలే, ఎర్త్ తీగ, ప్లగ్గుల్లో తుప్పు చూడండి. ఎర్త్ తీగ నట్టు తుప్పుపట్టి ఫ్యాన్ ఆగిపోయిన బండ్లు ఎన్నో.

కొంచెం కొత్త ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి ఈ స్విచ్ ఉండదు. సెన్సార్ వేడి చెప్తే కంప్యూటర్ రిలే వేస్తుంది. ఆ సెన్సార్ తీగలు ఇలా కలపొద్దు. వాటికి స్కానర్ పెట్టే షెడ్డుకి పోవటమే మంచిది. ఫ్యూజు, రిలే, మోటారు పరీక్షలు మాత్రం వాటికీ ఇవే.

5. స్విచ్ ని గిన్నెలో పెట్టి చూడటం. పైన నేను చెప్పిందే. చాలా బండ్లకి ఫ్యాన్ పడేది సుమారు 92 నుంచి 100 డిగ్రీల మధ్య. స్విచ్ అడుగు భాగం మాత్రమే నీళ్ళలో ముంచండి, తీగలు తగిలించే చోటు తడవకూడదు.

6. గాలి దిశ. ఇది చాలామందికి తెలియదు. ఈ ఫ్యాన్ మోటారుకి ప్లస్, మైనస్ తారుమారు చేస్తే ఉల్టా తిరుగుతుంది. డైరెక్ట్ చేసేటప్పుడు తీగలు తారుమారైతే ఫ్యాన్ గాలిని ఇంజన్ వైపు లాగాల్సింది పోయి ఎదురు గాలితో కొట్లాడుతుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనకున్న బండ్లలో ముందు జాలీ దగ్గర ఒక కాగితం పట్టుకోండి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు కాగితం రేడియేటర్ కి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే ఫ్యాన్ ఉల్టా ఉంది. చెయ్యి, తువ్వాలు, పంచె కొస ఫ్యాన్ దరిదాపుల్లోకి పోనివ్వొద్దు. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా ఫ్యాన్ దానంతట అది తిరుగుతుంది.

అన్నీ సరిచేశాక చివరి పరీక్ష. చల్లటి బండి స్టార్ట్ చేసి కదలకుండా అలాగే ఉంచండి. పై గొట్టం కాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి, అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. తర్వాత ఫ్యాన్ పడాలి, కొద్దిసేపు తిరిగి ఆగాలి, మళ్ళీ పడాలి. పడి, ఆగి, పడుతుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పై గొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగానే ఉంటే నీళ్ళు తిరగటం లేదు. డైరెక్ట్ చేసిన బండికి ఈ పరీక్షే ఉండదు చూడండి. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ మనకి ఏమీ చెప్పదు. అదే దాంతో వచ్చే అసలు నష్టం.

డైరెక్ట్ కి అన్నదమ్ముడు ఇంకొకటుంది. థర్మోస్టాట్ పీకి పారెయ్యటం. "మన ఎండలకి అది అక్కర్లేదు బాబాయ్, చలి దేశాలోళ్ళకి" అంటారు. తప్పు. ఇంజన్ కి కూడా తగినంత వేడి కావాలి. థర్మోస్టాట్ సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునేది అందుకే. అది తీసేస్తే ఇంజన్ వేడెక్కటానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా కొన్ని బండ్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. అది పీకేస్తే కొన్ని నీళ్ళు రేడియేటర్ కి పోకుండానే ఇంజన్ లోకి తిరిగొస్తాయి. అంటే చల్లబడాలని తీసిందే వేడెక్కటానికి కారణం. పోయిందో లేదో తెలుసుకోవటం కూడా సులువే. దారం కట్టి గిన్నె నీళ్ళలో వేలాడదీసి కాచండి. మరిగేలోపు నోరు తెరవాలి, చల్లారితే మూసుకోవాలి.

ఇక బోరు నీళ్ళు. మన పల్నాడు బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్ల పొర ఎలా పేరుకుంటుందో ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. అదే పొర ఇంజన్ లోపల, రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. డ్రిప్ లేటరల్ ఉప్పుపట్టి మూసుకుంటే యాసిడ్ తో కడుగుతాం, బండిలో మాత్రం అవే నీళ్ళు నెలనెలా పోస్తాం! కూలెంట్ చలికి గడ్డకట్టకుండా మాత్రమే అనుకుంటారు. కాదు. తుప్పు పట్టనివ్వదు, మరిగే డిగ్రీ పెంచుతుంది. డబ్బా మీద రాసిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్ తో కలిపి పొయ్యండి, బ్యాటరీకి పోసేవే. రంగురంగులవి ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. ఇంకో మాట, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పాతది దొడ్లో పారబోస్తే కుక్కలు, దూడలు నాకుతాయి, చచ్చిపోతాయి. జాగ్రత్త.

రేడియేటర్ మూతని కూడా చిన్నచూపు చూడొద్దు. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది. అంత ఒత్తిడి పట్టి ఉంచుతుందని అర్థం. మామూలుగా 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు 0.9 ఒత్తిడి కింద సుమారు 118 దాకా మరగవు. మూత రబ్బరు పోతే ఆ బలం పోయినట్టే. కొత్త మూత ఖర్చు తక్కువ, పాతదాని మీదున్న నంబరుదే తీసుకోండి. అదే ఒత్తిడి వల్ల వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్ళు మొహం మీద కొడతాయి. గోనెసంచి కప్పి తిప్పితే ఏమీ కాదనే మొనగాళ్ళున్నారు. వద్దు బాబూ. బానెట్ ఎత్తి ముప్పావు గంటైనా ఆగండి. కాలిన ఇంజన్ మీద చల్లటి నీళ్ళు కుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది.

రేడియేటర్ ముందు జాలీలో పత్తి పింజ, వరిగడ్డి నలుసులు, పురుగులు ఇరుక్కుంటాయి. ఏసీ ఉన్న బండికి రెండు జాలీల మధ్య ఇంకా ఎక్కువ. చల్లారాక ఇంజన్ వైపు నుంచి ముందుకి, మెల్లటి నీళ్ళతో కడగండి. సర్వీసింగ్ గన్నుతో దగ్గర్నుంచి కొడితే రేకులు మడత పడతాయి.

ఇప్పుడు మీలో కొందరు అనే మాట నాకు తెలుసు. "నడిరోడ్డు మీద సామాను దొరకదు, డైరెక్ట్ చేసి ఇల్లు చేరితే తప్పేంటి?" తప్పు లేదు. ఇల్లు చేరేదాకా. నీళ్ళు నిండుగా చూసుకుని, మధ్యలో ఫ్యూజు పెట్టించుకుని, ఆ ఒక్క ప్రయాణం చెయ్యండి. కట్టు కట్టటం తప్పు కాదు, కట్టు కట్టి ఆపరేషన్ అయిపోయిందనుకోవటం తప్పు. తెల్లారి కారణం వెతకాలి. నేను వెతకలేదు. ఆరు నెలలు వెతకలేదు.

మెకానిక్ సోదరులు కోపం తెచ్చుకోవద్దు. ఇందులో మా రైతుల తప్పే ఎక్కువ. గంటసేపు పరీక్ష చేసి "స్విచ్ బాగుంది బాబాయ్, పంపు కారుతుంది" అని చెప్తే, "చూసినందుకే మూడొందలా?" అని బేరమాడతాం. అదే ఏదో ఒక సామాను మార్చి రెండు వేలు అడిగితే మాట్లాడకుండా ఇస్తాం. మనం సామానుకి డబ్బులిస్తాం, తెలివికి ఇవ్వం. అందుకే షెడ్లలో తెలివి తగ్గి సామాను పెరిగింది. వెతికినందుకు డబ్బులివ్వటం నేర్చుకుందాం. రోగం పేరు, అది ఎలా తెలిసిందో చెప్పేదాకా సామాను మార్చనివ్వద్దు. "ఎట్టా తెలిసింది అబ్బాయ్, చూపించు" అని అడగండి. నిజంగా తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. పొద్దున్నే చల్లటి బండి మూత తీసి నీళ్ళు చూడండి. నిండుగా నింపి ఒక వారం తర్వాత మళ్ళీ చూడండి. తగ్గితే ఎటు పోతుందో కనిపెట్టండి. డైరెక్ట్ చేయించిన ఫ్యాన్ ఉంటే తీయించి దాని స్విచ్ కి దాన్ని అప్పగించండి.

మొన్న దసరాకి ఆ పిల్లాడు కనిపించాడు. "పెదనాన్నా, బండి బాగుందా?" అన్నాడు నవ్వుతా. బాగుందిరా అన్నాను. వాడి మొహం చూసి చెప్పలేక బండి వైపు చూస్తూ చెప్పాను.

మీ బండ్లలో ఇలాంటివి ఏమైనా జరిగి ఉంటే కింద రాయండి. నేను రాసిందాంట్లో తప్పుంటే అనుభవం ఉన్న మెకానిక్కులు దిద్దండి, మనసులో పెట్టుకోను. పాత బండి ఉన్న నలుగురికీ పంపండి.

ఉంటాను. జై కిసాన్.